శెట్టి కొట్టుకు ఐదు నిమిషాల కాపలా

ఈ మధ్యే కర్నూల్లో మా వీధి చివర ఒక సూపర్ మార్కెట్ తెరిచారు. ఎవరికి కావలసింది వాళ్లే తీసుకోవచ్చు. మనిషి మీద అంత నమ్మకం. ఈ సాయంత్రం కందిపప్పు కొని బయటికొస్తుంటే, తలుపు దగ్గర వాచ్‌మన్ నా సంచిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాడు. ఇదేమని అడిగితే, "మీరొక్కరే కాదు సార్, అందరినీ చూస్తాం" అని ఓదార్చాడు. ఊళ్లో అందరూ దొంగలేనని తెలిశాక నా మనసు కుదుటపడింది.

అక్కడ బెల్లం దొరకక పక్క సందులోని శెట్టి కొట్టుకు వెళ్లాను. ఈయన దేన్నీ ముట్టుకోనివ్వడు, అడిగితే తనే తీసిస్తాడు. అలాంటివాడు నన్ను చూడగానే లేచి, "ఏమప్పా, రొంతసేపు ఈడ కూర్చో, టీ తాగొస్తా" అని గల్లాపెట్టెతో సహా కొట్టు నాకు వదిలేసి వెళ్లిపోయాడు.

ఉప్పొంగిపోయాను. మనిషి పుట్టుకతోనే స్వార్థపరుడని కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి జీతం తీసుకుంటున్నవాణ్ణి. రేపటి నుంచి పాఠం మార్చాలనుకున్నాను.

అంతలో ఒక ముసలాయన ఉబ్బిన సంచితో వచ్చి శెనక్కాయల బస్తా పక్కన నిలబడ్డాడు. నా నోరు ఊరుకోలేదు.

"పెద్దాయనా, ఆ సంచిలో ఏముండాది?"

ఆయన సంచి విప్పి చూపించాడు. "నిమ్మకాయలప్పా. మా చెట్టువి. శెట్టికి ఊరికే ఇచ్చిపోదామని తెచ్చినా."

పాఠం మార్చడం లేదు; వాళ్లిద్దరి సంగతేమో గానీ, నా విషయంలో అది నిజమే. ఆ సూపర్ మార్కెట్‌కు ఇంకో వాచ్‌మన్ కావాలేమో, మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. నాకు ఐదు నిమిషాల అనుభవం ఉంది.