సదానందం తోమిన కుండలు

సౌదీలోని అజీజియాలో సదానందం పిల్లిని మింగే మొక్కను పెంచుతున్నాడన్న పుకారు రాస్ తనూరా దాకా పాకిందట. ఇంకా పైన ఖఫ్జీ చేరేసరికి ఆ పిల్లి మేకపిల్ల అయింది. అంతా ఉత్తమాట. ఆ మొక్క తినేది చీమల్ని, ఈగల్ని. అవి కూడా వాటంతట అవి జారి పడితేనే. పిల్లి సంగతంటారా, నిన్న కూడా ఇస్సాక్ చెప్పుల మీద పడుకునే ఉంది.

సదానందానిది జగిత్యాల పక్కన ఒక పల్లె. పదకొండేళ్లుగా అజీజియాలో ఒక పెద్దింట్లో తోటపని. ఇస్సాక్‌ది కడప, అదే ఇంటికి డ్రైవరు. గేటు పక్కన ఇద్దరికీ ఒకటే గది.

ఎండలు తగ్గుతున్న రోజుల్లో ఇంటి పెద్దావిడ, చుట్టాలెవరో ఇచ్చిన మొక్కను తెచ్చి సదానందానికి అప్పగించింది. చూస్తే వింత. ఆకు కొస తీగలా సాగి, దాని చివర బొటనవేలంత కుండ. కుండకు మూత. లోపల నీళ్లు, నీళ్లలో చచ్చిన చీమలు.

శుభ్రమంటే సదానందానికి పిచ్చి.

"గిదేంది, గింత గలీజు! దోమలు గుడ్లు పెట్టవా?" అంటూ తొమ్మిది కుండల్నీ వంపి, పాత పళ్ల బ్రష్షుతో లోపలంతా తోమి, గుడ్డతో తుడిచాడు. ఊరుకున్నాడా? ఈ ఒట్టి మట్టిలో ఏం బతుకుతుందని జాలిపడి గుప్పెడు యూరియా వేసి, నల్లా నీళ్లు పట్టాడు. వరి పండించిన చెయ్యి మరి.

పది రోజుల్లో కుండలన్నీ ఎండి వడియాల్లా అయ్యాయి.

సరిగ్గా అప్పుడే అతనికి ఊరెళ్లడానికి ఛుట్టీ కావాలి. రెండు నెలల్లో కూతురు సృజనకు తొలి కాన్పు. బిడ్డను తొట్టెలలో వేసే రోజు తాత ఉండి తీరాలని భార్య ఊర్మిల రోజూ ఫోనులో గుర్తు చేస్తోంది. పెద్దావిడ కాదనలేదు. మొక్క కోలుకున్నాక పొమ్మంది. జబ్బు మొక్కను ఎవరికి వదిలి పోతావంది.

"సంపేసినావు గదన్నా!" అన్నాడు ఇస్సాక్. "ఇంగ బిడ్డను ఫోన్లోనే సూసుకో."

"నోరు మూస్కో. నువ్వు కారు కడుగుతలేవా? నేను కుండలు కడిగిన."

ఆ మాట తెలిసి వంటమనిషి సురయ్యా నవ్వాపుకోలేక గుమ్మంలోనే కూలబడింది. ఆమెది సుమత్రా దీవి, ఇలాంటి మొక్కలున్న అడవి పక్కనే పుట్టింది. వచ్చీరాని అరబ్బీలో ఆమె చెప్పింది ఇదీ: సారం లేని నేలలోనే ఇది పెరుగుతుంది. మట్టి పెట్టని తిండిని పురుగుల్లోంచి లాక్కుంటుంది. కుండ అంచున తేనె ఊరుతుంది. చీమ ఆశపడి వస్తుంది. వానకు అంచు తడిసి ఉంటే కాలు జారి లోపలికే. గోడ నున్నన, పైకి ఎక్కలేదు. ఆ నీళ్లు మన కడుపులో రసం లాంటివి, మెల్లగా అరిగించేస్తాయి. అందులోనే కొన్ని దోమపిల్లలు మాత్రం ఏమీ కాకుండా కాపురం చేస్తాయట, అద్దె లేకుండా.

"నువ్వు దాని కడుపు బయటికి తీసి తోమావు," అంది సురయ్యా. "దానికి వాన నీళ్లే పడతాయి."

అజీజియాలో వానెక్కడిది? పూటంతా ఆలోచించిన సదానందం కళ్లు గది వెనక ఏసీ పైపు మీద పడ్డాయి. సముద్రపు తేమ గాలి కదా, కారిన నీళ్లతో మధ్యాహ్నానికే సగం బకెట్ నిండుతుంది.

"గాలిల నీళ్లే గద. వాన గూడ గంతే!"

యూరియా మట్టి పారేసి, కొబ్బరి పీచులో మొక్కను నాటి, పైపు పక్కన నీడన పెట్టాడు. రోజూ ఏసీ నీళ్లే.

"మనకు సెమట, దీనికి ఏసీనా!" అన్నాడు ఇస్సాక్. "కఫీల్ దొర బిడ్డ మాదిరి బతుకుతాంది బ్బా."

నెల తిరిగేసరికి ఒక ఆకు కొస బఠాణీ గింజంత ఉబ్బింది. ఏడో వారంలో మూత తెరుచుకుంది. సదానందం దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక చీమ వచ్చింది. అంచు చుట్టూ రెండుసార్లు తిరిగింది. కాలు జారింది.

"పడ్డది! పడ్డది!"

ఎవరు పడ్డారోనని పెద్దావిడ పరుగెత్తుకొచ్చింది. చూసి, నవ్వి, ఆ వారమే కొడుకుతో అతను ఊరెళ్లి రావడానికి ఎగ్జిట్ రీ ఎంట్రీ వీసా వేయించింది.

ఇస్సాక్‌కు మొక్కను అప్పగిస్తూ సదానందం చెప్పాడు: "బిర్యానీ మెతుకులెయ్యకు. నల్లా నీళ్లు పొయ్యకు. కడుగకు."

"నా యేలు పట్టుకుంటేనో?"

"నీ యేలు జూస్తే అదే భయపడ్తది."

మనవరాలు పుట్టింది. తాత తొట్టెలకు అందాడు. ఇంకా ఊళ్లోనే ఉన్నాడు. ఇస్సాక్ మంచివాడే గానీ రోజుకు రెండుసార్లు కారు కడిగే మనిషి. అజీజియా వైపు పోయేవాళ్లు ఆ గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగి, అతన్ని పిలిచి, కుండల్లో నీళ్లున్నాయా అని అడగండి. చేతిలో బ్రష్షు కనిపిస్తే మాత్రం లాక్కోండి.