పెన్నుతో రాసిన చీటీ

యానాంలో గుహలు లేవు. అసలు రాళ్లే లేవు. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు మీద ఉన్న ఊరు మాది; ఇంటి పునాదికైనా రాయి లారీలో రావాల్సిందే. అలాంటి ఊరివాణ్ణి, గుహల్లో బతికే జీవి మీద పరిశోధనకు చేరాను. మా ల్యాబులో ఇంకో యానాం మనిషి ఉండేది. ఆమెది అగ్రహారం పేట, మాది మెట్టకూరు పేట. ఊళ్లో ఒక్కసారీ ఎదురుపడని మేమిద్దరం ఎక్కడో కొండల్లో ఒకే టార్చిలైటు వెనక నడిచాం.

మేం వెతికిన జీవికి తెలుగులో పేరున్నట్టు నాకు తెలియదు. కొరడా సాలీడు అనుకునేవాళ్లం. సాలీడుకీ పీతకీ మధ్యలో ఏదోలా, పలకలా చదునుగా ఉంటుంది. గూడు అల్లదు, విషం లేదు. ఎనిమిది కాళ్లలో ముందు రెండూ నడవడానికి కాదు. దారాల్లాంటి ఆ రెంటితో చీకట్లో రాతిని తడుముకుంటూ పోతుంది.

మూడేళ్ల కిందట ఒకే రోజు, ఒకే కొండకు అటొకటీ ఇటొకటీ ఉన్న రెండు గుహలు చూశాం. దొరికినవి మొత్తం ఐదు: నాలుగు ఆడవి, ఒకటి మగది. కొత్త జాతి అనిపించింది. ఆ తర్వాత ఆమెకు పుదుచ్చేరిలో ప్రభుత్వ బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. యానాం పుదుచ్చేరి కిందిదే కాబట్టి, మా ఊరి వాళ్లకు ప్రభుత్వం కూడా అంత దూరంలోనే ఉంటుంది. వెళ్లిపోయింది. పరిశోధన నాకు మిగిలింది.

ఈ వేసవిలో, స్పిరిట్లో ఉంచిన ఆ ఐదింటి సీసాలు ఇంటికి తెచ్చి, పాత మైక్రోస్కోపు ముందు కూర్చుని కొత్త జాతి వర్ణన రాయడం మొదలుపెట్టాను. ఎరను పట్టే చేతుల మీద ముళ్లు, కొరడా కాలి గణుపులు, కళ్ల మధ్య దూరం, ఒక్కొక్కటీ రెండుసార్లు లెక్కపెట్టాలి. అమ్మ రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు అంది: "ఒరే, అది అన్నం తినే బల్లరా. ఆ పురుగుల్ని నువ్వు తీస్తావా, నన్ను తియ్యమంటావా?"

బల్ల ఖాళీ చేస్తుంటే చూశాను. నాలుగు ఆడవాటి సీసాల్లోనూ చీటీలు పెన్సిలు రాతతో స్పష్టంగా ఉన్నాయి: మొదటి గుహ, తేదీ, మా ఇద్దరి పేర్లు. మగదాని సీసాలో చీటీ తెల్లగా ఉంది. స్పిరిట్ లేత నీలంగా మారింది.

పెన్ను సిరా స్పిరిట్లో కరిగిపోతుంది. అందుకే చీటీ పెన్సిలుతోనే రాయాలి. ఈ పనిలో మొదటి రోజు నేర్పే పాఠం అదే. ఏ గుహలో దొరికిందో తెలియని ప్రాణిని ఏ జాతిలోనూ చేర్చలేం. కొన్ని రకాల్లో మగవి లేకుండానే ఆడవి పిల్లల్ని కంటాయి కాబట్టి, ఈ మగది మొదటి గుహదా కాదా అన్నదాని మీదే నా వర్ణన సగం ఆధారపడి ఉంది. నోట్‌బుక్‌లో 'మొత్తం ఐదు' అని మాత్రమే ఉంది. వానలో తడిసి, బస్సులో రాసుకున్న పేజీ అది.

నాకు మాత్రం మొదటి గుహ అనే గుర్తు. తిరుగు దారిలో, ఆ గుహ ముఖద్వారం దగ్గరి వెలుతురులో, ఆమె కొప్పులో మా పెన్సిలు. జుట్టు క్లిప్పు విరిగితే దాన్నే గుచ్చుకుంది. మిగిలిన ఒక్క చీటీని నేను పెన్నుతో రాశాను.

మధ్యాహ్నం ఫోను చేశాను. రెండేళ్ల తర్వాత.

"ఆయ్, చెప్పండి సైంటిస్టు గారూ," అంది. వెనక పిల్లల గోల. "లంచ్ బెల్లు. పది నిమిషాలే."

సంగతి చెప్పాను.

"పెన్నుతోనా? నువ్వా? పెన్సిలు, పెన్సిలు అని జూనియర్ల చెవులు చిల్లులు పడేలా చెప్పింది నువ్వు కాదేంటి?"

"పెన్సిలు నీ కొప్పులో ఉంది కదా."

"అయితే? అడగొచ్చుగా. నోరు లేదా?"

అడిగితే తీసి ఇచ్చేసేది. కొప్పు ఊడిపోయేది. అది అలాగే ఉంటే బాగుండునని నాకనిపించింది. ఇంతకు మించి శాస్త్రీయ కారణం లేదు. అది చెప్పకుండా, "క్లిప్పు మొదటి గుహలోనే కదా విరిగింది?" అన్నాను.

"మొదటిదా? అది కల్యాణమండపమంత ఉంది బాబూ, అక్కడ తల ఎక్కడ తగుల్తుంది? రెండోదాంట్లో పాక్కుంటూ వెళ్లాం. పైన రాయి కొట్టుకునే కదా విరిగింది! నువ్వు నవ్వావు కూడాను."

నిజమే, నవ్వాను. నవ్వు ఇరుకులో గట్టిగా మోగింది. అంతా గుర్తొచ్చింది. ఆ కొప్పును నేను వెలుతురులో చూసింది రెండో గుహ ముఖద్వారం దగ్గర.

"అయితే పెన్ను చీటీ రాసింది రెండో గుహ దగ్గరే. ఇది వాటితో పాటుది కాదు," అన్నాను.

"పాపం. మరి దాన్నేం చేస్తావ్?"

"విడిగా ఉంచుతాను. ఇంకోసారి వెళ్లి వెతకాలి."

బెల్లు మోగింది.

"ఆ పెన్సిలు ఇంకా నా దగ్గరే ఉంది తెలుసా," అంది. "పంపించనా?"

"వద్దు. ఉంచుకో. ఇక్కడ ఉన్నాయి."

వర్ణనలో ఆడదాని కొలతల కింద 'మగ: తెలియదు' అని టైపు చేశాను. ఆ సీసాకు కొత్త చీటీ కత్తిరించి, ఇల్లంతా వెతికాను. పెన్నులు పదకొండు దొరికాయి. చెప్పులేసుకుని, ఎండలో, పెన్సిలు కొనడానికి బయల్దేరాను.