మాచెయ్ బూట్లు

పోలండు దేశం మజోవియాలోని ఒక పల్లెలో మాచెయ్‌కి రెండెడ్లున్నాయి, ఆదివారాలకు దాచుకునే తోలు బూట్లున్నాయి. పన్నులు తేల్చే సభలో ఓటు మాత్రం లేదు, రైతు పుట్టుక. గట్టు అవతలి ఒనుఫ్రీది ఒంటెద్దు సేద్యమే అయినా పెద్దింటి పుట్టుక, ఓటుంది. వట్టికాళ్ళతో దున్నుతూ కూడా ఆ పుట్టుకకు గుర్తుగా నడుముకు తుప్పుకత్తి కట్టుకుంటాడు. చాలు మళ్ళిన ప్రతిసారీ మాచెయ్ కళ్ళు ఆ కత్తి మీదే ఉండేవి.

సభరోజు ఒనుఫ్రీ వచ్చాడు. "ఒరేయ్ మాచెయ్, ఎప్పట్లాగే నీ బూట్లియ్యరా. వట్టికాళ్ళతో వెళ్తే నవ్వుతారు."

"ఇస్తా దొరా. మా మీద పన్ను పెంచొద్దని చెబుతారా?"

"ఓటు నాది. నీకెందుకురా?"

మాచెయ్ వంగి, దొర కాళ్ళకు తనే తొడిగాడు.

సాయంత్రానికి బూట్లొచ్చాయి. పన్ను పెరిగిందన్న కబురూ వచ్చింది.

మర్నాడు మాచెయ్ ఆ బూట్లతోనే బురదలోకి దిగి, ఒనుఫ్రీకి కనబడేలా గట్టు పక్కనే దున్నాడు.

"మంచి బూట్లయ్యా, పాడైపోతాయి!" భార్య అరిచింది.

"పోనీవే. ఇంక సభకు పనికిరావుగా!"