తువాలు కింద తేలిన గ్రూపు

ఆ రోజుల్లో మా పెబ్బేరు వైపు పల్లెల్లో పదో తరగతి పాసైన పిల్లను "ఇక ముందు ఏం చదువుతావు?" అని ఎవరూ అడిగేవారు కాదు. "ఏం గ్రూపు?" అని అడిగేవారు, అదేదో రక్తంలో పుట్టుకతో వచ్చేదైనట్టు. నా గ్రూపు ఏడో తరగతిలోనే ఖాయమైపోయింది. కుంటుతున్న దూడ కాలికి ఒకసారి పాత చీర పేలికతో కట్టు కట్టాను. అది చూసి అమ్మ మురిసిపోయి "మా డాక్టరమ్మ" అంది. ఆ పేరు వీధంతా పాకింది. (నేను కట్టింది దెబ్బ తగలని కాలికి. ఆ సంగతి దూడకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.) అలా పిలుస్తుంటే నాకూ బాగానే ఉండేది, కాదనలేదు. నిజానికి పశువుల డాక్టరు బర్రెకు సూది వేస్తుంటే నేను గడ్డివాము వెనక కళ్ళు మూసుకుని నిలబడేదాన్ని. నాకు ప్రాణం లెక్కలు. క్యాలెండరు కాగితాల వెనక ఒక్క మూల కూడా వదలకుండా చేసేదాన్ని.

కాలేజీలో చేరడానికి వనపర్తికి నాన్న, నేను, మా కంపౌండర్ మామ వెళ్ళాం. మామ ఒక ప్రైవేటు దవాఖానలో సూదులు వేసేవాడు. నేను డాక్టరైతే సొంత దవాఖానలో తనే పెద్ద కంపౌండర్ అని ఆయన ఆశ. నాన్న పెబ్బేరు సంతలో ఎడ్ల దళారి. తువాలు కింద ఎదుటివాడి చేయి పట్టుకుని, వేళ్ళ మీదే ధర ఖాయం చేసి బేరం తెంపేవాడు. పక్కనే నిలబడ్డవాడికి కూడా ధర తెలిసేది కాదు. చదువు మాత్రం ఆయనకు సంతకం దాకానే.

క్లర్కు సారు ఫారం ముందుకు జరిపి, "ఒకసారి రాస్తే మళ్ల మార్చం. ఎంపీసీనా, బైపీసీనా?" అన్నాడు.

"గదేం మాట సారూ, బైపీసీ రాయుండ్రి. ఊరంత డాక్టరమ్మ అంటుండ్రు," అన్నాడు మామ.

కాదంటే అమ్మకు ముఖం ఎలా చూపించాలి? అవునంటే లెక్కలకు దండం పెట్టి రెండేళ్ళు కప్పలతో కాపురం చేయాలి. నేను నేలచూపులు చూస్తుంటే నాన్న భుజం మీది తువాలు తీసి నా చేతి మీద కప్పి, కింద తన చేయి పెట్టాడు. వరుసలో ఉన్నవాళ్ళందరూ మెడలు చాచారు. సిగ్గుతో చచ్చిపోయాను.

"నోటితోని చెప్పకు బిడ్డా. ఎంపీసీ అయితె నా ఏలు ఒకటి పట్టు, బైపీసీ అయితె రెండు. మన ఇద్దరికే తెలుస్తది," అన్నాడు మెల్లగా.

ఒకటే పట్టుకుందామనుకున్నాను. సరిగ్గా అప్పుడే మామ దగ్గాడు. భయానికి రెండు పట్టేసి, ఇక నా బతుకు కప్పల పాలని కళ్ళు మూసుకున్నాను.

నాన్న తువాలు దులిపి భుజాన వేసుకుని, "ఎంపీసీ రాయుండ్రి సారూ," అన్నాడు.

"ఏంది బావా, పిల్లకేం తెలుసని!" గయ్యిమన్నాడు మామ.

"పిల్లనేమనకు. నా ఇష్టం, నేను చెప్తున్న. మీ అక్కకు గూడ నేనే చెప్పుకుంట."

మామ తిరుగు బస్సులో వేరే సీట్లో కూర్చున్నాడు. ఆరు నెలలు మా ఇంట్లో చాయ్ ముట్టలేదు. (డాక్టరమ్మ పేరు మాత్రం నన్ను వదల్లేదు.) నేను లెక్కలతోనే సాగి, ఇప్పుడు గద్వాలలో ఇంటర్ పిల్లలకు లెక్కలే చెబుతున్నాను. సంతలో ఎన్నడూ లెక్క తప్పని మనిషి కన్నబిడ్డ దగ్గర వేళ్ళు తప్పు లెక్కపెట్టాడనీ, ఆ తప్పు వల్లే బతికిపోయాననీ ఎన్నో ఏళ్ళు లోలోపల నవ్వుకున్నాను. మొన్న ఎండాకాలం నాన్న మా ఇంటికొస్తే, చాయ్ చేతికిచ్చి ఆ సంగతి ఒప్పేసుకున్నాను. "నాయినా, ఆ రోజు నేను పట్టింది రెండు. నువ్వు ఒకటే అనుకున్నవు."

నాన్న చాయ్ ఊదుకుంటూ, "రెండని నాకు తెల్వదా?" అన్నాడు.

"మరి?"

"నీ చేయి వణికింది బిడ్డా. ఇష్టం లేకుండ ఎడ్లనమ్మెటోని చేయి గట్లనే వణుకుతది. గసొంటి బేరం నేను ఎన్నడు తెంపలే."

ఎవరూ చూడకుండా వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను. ఇప్పుడు కాలేజీలో చేరికల బల్ల దగ్గర కూర్చున్నప్పుడు, పిల్లల తరఫున పెద్దవాళ్ళు జవాబు చెబుతుంటే నా చూపు ముందు ఆ పిల్లల చేతుల మీదికి పోతుంది. నాన్నకు వేళ్ళు లెక్కపెట్టడం రాదని అన్నేళ్ళు నవ్వుకున్న ఆ లెక్కల పిల్లను తలుచుకుంటే, నాకే నవ్వొస్తుంది.