కరుణమ్మ గారి రేడియోకి నా నాలుగు డయోడ్లు

1974. పటమటలో నాది ట్రాన్సిస్టర్లు బాగుచేసే చిన్న కొట్టు. బ్యాటరీ ఎలిమినేటర్లు, అంటే సెల్స్ లేకుండా ఇంటి కరెంటు మీదే రేడియో పాడించే డబ్బాలు, నేనే కట్టి ఇచ్చేవాణ్ణి. డయోడ్ కరెంటుని ఒకవైపే పోనిస్తుంది. అందరూ ఒక్కటి వేసి సరిపెట్టేవాళ్లు. నేను నాలుగు వేసేవాణ్ణి, గుర్రుమనే రొద తగ్గుతుందని. అదీ నా గొప్ప.

కంకిపాడు దగ్గర పల్లెలో మిషన్ బడి టీచరు కరుణమ్మ గారు నేను కట్టిచ్చిన డబ్బా పట్టుకుని మూడుసార్లు బస్సెక్కి వచ్చారు. పగలు బానే పాడుతుందట, సాయంత్రమైతే మూగబోతుందట. నేను పెట్టి చూస్తే భేషుగ్గా పాడేది. రేడియోకి పొద్దెలా తెలుస్తుందండీ అని విసుక్కుని మూడుసార్లూ పంపేశాను.

నాలుగోసారి వట్టి చేతులతో వచ్చారు. "మా పాప పాట ఇవాళ ఆరుంబావుకి రేడియోలో వేస్తారండీ. ఒక్కసారేనంట. మీరే వచ్చి చూడండి" అన్నారు. సెల్స్ వేద్దామంటే ఆ అర ఎప్పుడో తుప్పు పట్టిపోయింది. కొట్లోంచి సెల్స్‌తో పాడే ఇంకో రేడియో పట్టుకెళ్లాలన్న బుద్ధి నాకు పుట్టలేదు, నా డబ్బా మీద అంత ధీమా.

సణుక్కుంటూ సైకిలెక్కాను. వెళ్లేసరికి రేడియో చక్కగా పాడుతోంది. చూశారా అనబోయాను. ఈలోగా పొలాల్లో మోటార్లు వేశారు. బల్బు ఎర్రబడింది, రేడియో నీరసించి ఆగిపోయింది.

అప్పుడు వెలిగింది నా బుర్ర. నాలుగు డయోడ్లు వేస్తే కరెంటు ఎప్పుడూ రెండింటిని దాటి రావాలి. ఒక్కోటి ముప్పాతిక వోల్టు దాకా మింగి వేడి చేసి పారేస్తుంది. పటమటలో వోల్టేజి నిండుగా ఉంటుంది కాబట్టి ఆ తిండి కనపడలేదు. ఇక్కడ మోటార్లు కరెంటు లాగేశాక మూడు వోల్టుల రేడియోకి వచ్చేదే అరకొర, అందులో సగం దాకా నా డయోడ్లకే సరి.

ఒక్క డయోడ్ మీద నడిచేలా మారుద్దామంటే సోల్డరింగ్ ఐరన్ వేడెక్కదు. దానికీ ఆ కరెంటే కదా, నా ఖర్మ! కరుణమ్మ గారు దాన్ని అందుకుని, మొన పొయ్యి నిప్పుల్లో పెట్టారు.

అతికేసరికి రేడియో గుర్రుమంటూ లేచింది. పాట చివరి చరణంలో ఉంది.

"ముందు నా పేరు చెప్పారామ్మా?" అంది పాప.

"చెప్పే ఉంటార్లే" అన్నారావిడ.

మర్నాటి నుంచి ఎవరు డబ్బా అడిగినా, మీ ఇంట్లో సాయంత్రం బల్బు ఎలా వెలుగుతుందండీ అని ముందు అడిగేవాణ్ణి. కరుణమ్మ గారైతే నేను అడక్కుండానే మూడుసార్లు చెప్పారు. నేను ఒక్కసారి విన్నా ఆ పిల్ల తన పేరు వినేది.