మా ఊరి లైబ్రరీని అరెస్టు చేసిన రోజులు

నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లో అందరూ అనే మాటే ఇది. కాదని వాదిస్తే ఆ వాదనలోనే కోపం బయటపడుతుంది కనుక ఒప్పేసుకుంటున్నాను. మొన్న పక్కింటి పెద్దమనిషి మా అరుగు మీద కూర్చుని, "ఈ లైబ్రరీలెందుకండీ, శుద్ధ దండగ" అన్నాడు. చేతిలో కాఫీ ఉందన్న సంగతి కూడా మరిచిపోయి లేచి నిలబడ్డాను. పంచె పాడైంది. ఆయనకేం తెలుసు? నేను లైబ్రరీ కోసం లాకప్పులో కూర్చున్నవాణ్ణి. మాటవరసకు కాదు, నిజంగానే, ఊచల వెనక, చాపేసుకుని మరీ కూర్చున్నాను.

అరవైల చివరి మాట. మాది రాజాంకీ బొబ్బిలికీ మధ్య చిన్న ఊరు. బజారు వీధిలో ఒక పెంకుటింట్లో శాఖా గ్రంథాలయం ఉండేది. ముందు గదిలో పేపర్లు, వెనక గదిలో బీరువాలు. దాన్ని చూసుకునే ఆయన్ని అందరం లైబ్రరీ మాస్టారు అనేవాళ్ళం. ఉండుండి "నిశ్శబ్దం!" అని కేక పెట్టేవారు. ఆ గదిలో మేమెవరైనా ఉలిక్కిపడ్డామంటే ఆ కేకకే.

నేనప్పటికి విజయనగరంలో బి.ఏ. వెలగబెట్టి, ఎకనామిక్సు రెండుసార్లు తప్పి, ఇంటికొచ్చి కూర్చున్నాను. మా మావయ్యకి సాలూరులో లారీ ఆఫీసుంది. "ఈసారి కూడా తప్పితే ఆడి బతుకు నా లారీల్లోనే" అని ఆయన కబురంపాడు. మావయ్య మంచివాడే. కానీ లారీలంటే నాకు భయం, డీజిల్ వాసన బొత్తిగా పడదు. పాసవ్వడానికి కావలసిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం మా లైబ్రరీలో ఒక్కటంటే ఒక్కటే ఉంది. అది ఇంటికిచ్చే పుస్తకం కాదు, అక్కడే కూర్చుని చదువుకోవాలి. రోజూ వెళ్ళి చదువుకుంటున్నాను. అంతవరకూ ఏ గొడవా లేదు.

గొడవంతా అట్టలతో వచ్చింది. అంతకు ముందు వానాకాలం పెంకులు కారి, చెదలు పట్టి, పుస్తకాలన్నీ అట్టలూడిపోయాయి. లైబ్రరీ మాస్టారు ఊళ్ళోని బైండింగు అతన్ని పట్టుకుని అన్నిటికీ కొత్త అట్టలు వేయించారు. ఎలక్షన్ల ముందు జెండాల కోసమని ఎవరో పురమాయించి, తీరా పట్టుకెళ్ళకుండా వదిలేసిన ఎర్రగుడ్డ తానులు బట్టల కొట్లో పడున్నాయి. బైండింగుకి అదే వాడారు. పురాణాలు ఎరుపు, వంటల పుస్తకం ఎరుపు, పశువైద్యం ఎరుపు, నా ఎకనామిక్సూ ఎరుపే. బీరువా తలుపు తీస్తే కళ్ళు చెదిరేవి. ఎంత బాగుందో అని మురిసిపోయాం. బుద్ధి లేదు మాకు.

అవి కొండల వైపు ఎర్రజెండా అలజడి మొదలైన రోజులు. పోలీసులకి ఎర్రగా ఏది కనపడినా అనుమానమే. అప్పుడే మా ఊరికి కొత్తగా ఒక హెడ్డు కానిస్టేబులు వచ్చాడు. భారీ మనిషి, పెద్ద మీసం, మహా భయస్తుడు. ఒక సాయంత్రం లైబ్రరీ కిటికీ లోంచి తొంగి చూశాడు. బెంచీల నిండా ముసలాళ్ళు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఎర్ర పుస్తకం, ఒక్కరూ నోరు మెదపడం లేదు. ఆయనకి గుండె ఆగినంత పనైందట. తెల్లారేసరికి ఎడ్లబండి తెచ్చి మొత్తం పుస్తకాలు ఎత్తించేశాడు.

లైబ్రరీ మాస్టారు బండి వెనక పరుగెత్తారు. "బాబూ, ఒక్కో మనిషికి రెండు పుస్తకాలే ఇస్తాం. నువ్వు బండెడు అట్టుకుపోతన్నావేటి?" అని అరిచారు. బజారంతా నవ్వింది. ఆయన మటుకు నిజంగానే అడుగుతున్నారు.

స్టేషనులో ఖాళీగా ఉన్నది లాకప్పు ఒక్కటే. పుస్తకాలన్నీ అందులో పేర్చారు. ఆ వారంలో దొరికిన మేకల దొంగని పెట్టడానికి చోటు లేక వరండాలో స్తంభానికి కట్టేశారు. "నానెంత దొంగనైనా నాకూ మర్యాదుంటాది గదా, బజార్లో అందరూ సూత్తన్నారు" అని అతను గోల పెట్టాడు. ఎవరూ వినలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పరీక్షలు ముంచుకొస్తున్నాయి, నా పుస్తకం లాకప్పులో ఉంది. తిన్నగా స్టేషనుకెళ్ళాను. "నా పుస్తకం ఇవ్వండి" అన్నాను.

"ఎలగిస్తాను? జప్తు మాలు. పై నుంచి ఆర్డరు రాకుండా గడప దాటి బయటికి రాదు" అన్నాడు హెడ్డు.

"పోనీ నేను లోపలికెళ్ళి చదువుకుంటాను."

ఆయన మీసం దువ్వుకుంటూ చాలాసేపు ఆలోచించాడు. "బయటికి రావడానికి ఆర్డరు కావాల గానీ, లోపలికి ఎల్లడానికి ఏటి? ఎవులైనా ఎల్లొచ్చు. ఎల్లు" అన్నాడు.

అలా నేను చాప చంకన పెట్టుకుని లాకప్పులోకి నడిచాను. మధ్యాహ్నం మా అమ్మ అన్నం క్యారేజీ పట్టుకుని వచ్చింది. తలుపు బార్లా తెరిచే ఉంది. అయినా సరే, ఊచల వెనక నన్ను చూసి గుండెలు బాదుకుంది. "ఒలమ్మోలమ్మ, మా వంశంలో జైలుకెల్లినోడు లేడ్రా! ఏటి సేసావురా?" అంది. చదువుకుంటున్నానని చెప్పాను. "ఆ మాట ఇంట్లో ఉన్నప్పుడూ అన్నావు, రెండుసార్లు తప్పావు" అని క్యారేజీ అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. పోలీసుల మీదకన్నా నా మీదే ఆవిడకి అనుమానం ఎక్కువ.

నన్ను చూసి రిటైరైన హైస్కూలు మాస్టారొకాయన వచ్చారు, ఏదో నవల మధ్యలో ఆగిపోయిందని. ఆయన వెనక మిగతా వాళ్ళు వచ్చారు. చివరికి లైబ్రరీ మాస్టారు కూడా వచ్చేశారు. పుస్తకాలెక్కడుంటే తన డ్యూటీ అక్కడేనన్నారు. పొద్దుటా సాయంత్రమూ పాత వేళలకే వచ్చి, లాకప్పు మూలన స్టూలేసుకుని, "నిశ్శబ్దం!" అని కేక పెట్టేవారు. ఆ కేకకి వరండాలో మేకల దొంగ కూడా నోరు మూసుకునేవాడు.

ఇంతలో పై నుంచి ఆర్డరు రానే వచ్చింది. పుస్తకాలన్నీ చదివి, ఏది ప్రమాదమో ఏది కాదో తేల్చి చెప్పమని. చదవాల్సింది ఎవరు? హెడ్డు. పాపం, ఆయన చిన్నప్పుడెప్పుడో చదువు మానేసిన మనిషి. అక్షరం మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివేవాడు. మొదట దొరికింది వంటల పుస్తకం. ఒక పేజీ దగ్గర ఆగి, ముఖం పాలిపోయి, లైబ్రరీ మాస్టారి దగ్గరికి వచ్చాడు.

"కారం పొడి, ఆవపొడి, ఉప్పు కొలిసి కలిపి జాడీలో కూరి, మూతికి గుడ్డ గట్టిగా కట్టి, మూడ్రోజులు కదపకుండా సీకటి గదిలో ఉంచవలెను... ఏటి మాస్టారూ ఇది?"

"ఆవకాయి బాబూ."

"నిజం సెప్పండి."

"మీ ఆవిడ్ని అడుగు."

అడిగొచ్చాడు కాబోలు, మర్నాడు ఆ పుస్తకాన్ని ప్రమాదం లేని వాటిలో పెట్టాడు. తర్వాత పశువైద్యం చదివి సొంత గేదెకి కడుపుబ్బరం తగ్గించుకున్నాడు. ఆ తర్వాత ఒక నవల పట్టుకున్నాడు. ఇక దాన్ని వదల్లేదు. ఎవరైనా ఫిర్యాదుకొస్తే, "కూకోండి, ఈ పేజీ అయిపోనీ" అనేవాడు.

పరీక్ష రోజు వచ్చింది. మధ్యాహ్నం పేపరు, విజయనగరంలో. పొద్దుటి బస్సుకి ముందు ఒక్క అధ్యాయం చూసుకుందామని లాకప్పుకి వెళ్ళాను. లోపల లైబ్రరీ మాస్టారు, రిటైరైన మాస్టారు, నేను. హెడ్డు బల్ల దగ్గర నవల్లో మునిగున్నాడు. చెప్పాపెట్టకుండా జీపు వచ్చి ఆగింది. పెద్ద ఆఫీసరు దిగాడు.

లాకప్పు నిండా ఎర్ర పుస్తకాలు, వాటి మధ్య ముగ్గురు మనుషులు. "ఎవరు వీళ్ళు?" అన్నాడు ఆఫీసరు.

హెడ్డు చేతిలోని నవల వెనక్కి దాచాడు. నోటికొచ్చింది అనేశాడు: "ముద్దాయిలు సార్."

"భేష్! ఇంతమందినా? మరి తలుపు తీసుందేం?"

హెడ్డు పరుగెత్తుకొచ్చి తాళం వేశాడు. వేస్తూ నా కళ్ళలోకి చూడలేకపోయాడు. బజారు చివర నా బస్సు హారన్ మోగింది. నాకు పిచ్చి కోపం వచ్చింది. ఊచలు పట్టుకుని ఊపేస్తూ, "నాకు పరీక్షుందండీ! ఎకనామిక్సు!" అని గొంతు చించుకున్నాను. వెనకనించి లైబ్రరీ మాస్టారు "నిశ్శబ్దం" అన్నారు. అలవాటు!

ఆఫీసరు నా చేతిలో పుస్తకం లాక్కుని తిరగేశాడు. "ఏముంది ఇందులో? చెప్పు."

ఆ అధ్యాయమే నోటికొచ్చింది, చెప్పాను. దాహంగా ఉన్నప్పుడు మొదటి టీ అమృతంలా ఉంటుంది, రెండోది ఫర్వాలేదనిపిస్తుంది, మూడోది సహించదు, అందుకని అన్ని టీలకీ ఒకే విలువ ఉండదు అని. అప్పటికే హెడ్డు భయంకొద్దీ ఆఫీసరుకి టీ మీద టీ తెప్పిస్తున్నాడు. ఆఫీసరు చేతిలో ఉన్న గ్లాసు కేసి చూసుకుని పక్కన పెట్టేశాడు. "అది నిజమే" అన్నాడు. కానీ తాళం తియ్యమనలేదు.

అప్పుడు వచ్చింది మా అమ్మ. బస్సులో తినడానికి పులిహోర కట్టి తెచ్చింది. తాళం చూసింది, ఆఫీసర్ని చూసింది. సంగతి విని ఏడవలేదు. నడుమ్మీద చెయ్యేసింది.

"ఈడా బాబూ? ఈడు ఒకే పరీచ్చ రెండుసార్లు తప్పినోడు. ఈడి మొకానికి కుట్రలు కూడానా? అంత బుర్రుంటే నాకీ బెంగెందుకు?"

ఆఫీసరు నవ్వాడు. నవ్వి, తాళం తీయించి ముగ్గుర్నీ బయటికి రమ్మని, నా ప్రాణం మీదికొచ్చిన తీర్పు చెప్పాడు. "సరే. విజయనగరమే వెళ్తున్నాను, జీపెక్కు. పరీక్ష రాయి. పాసయ్యావా, ఇక్కడ నిజంగా చదువు జరుగుతోందని ఒప్పుకుంటాను, పుస్తకాలన్నీ లైబ్రరీకి ఇచ్చేస్తాం. తప్పావా, చదువు నెపంతో కుట్రకి కూడుతున్నట్టే లెక్క. అందరి మీదా కేసు. పుస్తకాలు తగలబెట్టిస్తాను."

ఊరి లైబ్రరీ మొత్తం నా ఎకనామిక్సు మీద ఆధారపడింది! నా మీద, రెండుసార్లు తప్పిన నా మీద! జీపులో పులిహోర పొట్లం ఒళ్ళో పెట్టుకుని, ఆ టీల అధ్యాయమే వల్లించుకుంటూ కూర్చున్నాను. పరీక్ష హాలు ముందు పోలీసు జీపు దిగేసరికి ఇన్విజిలేటరు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. అడక్కముందే అడిషనల్ పేపర్లు తెచ్చి ఇచ్చాడు. వాటి నిండా టీల గురించి రాశాను.

రిజల్ట్సు వచ్చేదాకా ఆ రెండు నెలలూ నరకం. పుస్తకాలు లాకప్పులోనే, చదివేవాళ్ళూ అక్కడే, అందరి కళ్ళూ నా మీదే. బజార్లో నడుస్తుంటే ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఆపి, "ఒరే, సరిగా రాసావా లేదా? మా కొంప ముంచేవు" అనేవాళ్ళు. రిటైరైన మాస్టారు నా పేరున అర్చన చేయించారు. హెడ్డు కూడా ఓ రోజు గుమ్మం దగ్గర ఆపి, "పాసవుతావా బాబూ?" అని నెమ్మదిగా అడిగాడు. నేను ముఖం తిప్పుకుని లోపలికి నడిచాను. తాళం వేసింది నువ్వు, నీతో నాకేంటి మాట, అనుకున్నాను.

పేపర్లో రిజల్ట్సు వచ్చిన రోజు జనమంతా స్టేషను దగ్గరే ఉన్నారు. లైబ్రరీ మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని నా నెంబరు వెతికారు. మూడో క్లాసులో, ఆఖరి వరసలో, ఉంది. ఆయన కేక పెట్టారు. ఈసారి "నిశ్శబ్దం" అని కాదు. నన్ను ఎవరూ మెచ్చుకోలేదు, అందరూ బండి కోసం పరుగెత్తారు. ఆఫీసరు మాట తప్పలేదు. సాయంత్రానికి పుస్తకాలు బీరువాల్లో చేరాయి. నాకు ఏడుపొచ్చింది. లారీ ఆఫీసు తప్పినందుకో, బీరువాలు నిండినందుకో నాకే తెలియలేదు.

మర్నాడు హెడ్డు లైబ్రరీ గుమ్మం దగ్గరికొచ్చాడు. యూనిఫాం లేదు, లుంగీ, చొక్కా. గడప అవతలే నిలబడ్డాడు. లోపల పేపరు చదువుతున్నవాళ్ళంతా తల దించుకున్నారు.

"మాస్టారూ, ఆ నవల్లో పిల్ల బతుకుతాదా?" అన్నాడు.

"కథ సెప్పను. సభ్యుడివైతే ఇంటికి అట్టుకెల్లి సదువుకో" అన్నారు లైబ్రరీ మాస్టారు.

"అయితే సేర్సుకోండి."

"బయటూరోడివి. ఊళ్ళో ఎవులైనా నీకు పూచీ ఉండాల."

హెడ్డు గది నిండా కలయజూశాడు. ఒక్కరూ తలెత్తలేదు. ఆయన సరే అన్నట్టు తలూపి, మెట్టు దిగబోయాడు.

"నేనున్నాను పూచీ, రాసుకోండి" అన్నాను.

ఇంటికెళ్ళేలోపే ఈ సంగతి మా అమ్మకి తెలిసిపోయింది. వాకిట్లోనే నిలదీసింది. "నీకు బుద్ధుందేట్రా? నిన్ను లోపలెట్టి తాళం ఏసినోడికి నువ్వు పూచీ ఏటి?"

"ఆయన కథ సగంలో ఉన్నాడే అమ్మా" అన్నాను.