మా ఊరికి రాని వరద

నాన్న పోయినప్పుడు శవపెట్టెను మురుగు కాలువలోంచి మోసుకెళ్ళాం.

రేపల్లెకు అవతల, సముద్రం వైపున్న ఊరు మాది. మా పేట వాళ్ళ సమాధుల దొడ్డికి ఒకప్పుడు పుంత ఉండేది. ఎడ్లబండి పట్టేంత మట్టి దారి. దాని పక్క పొలాలు కొన్న ఆసామి రొయ్యల చెరువు తవ్విస్తూ ఆ పుంతను కూడా చెరువులో కలిపేసుకున్నాడు. చుట్టూ కంచె వేయించాడు. నాన్న శవం ఇంట్లో ఉండగా మావాళ్ళు వెళ్ళి బతిమాలితే, "కాలువలోంచి పోండి, నీళ్ళెన్ని ఉన్నాయని" అన్నాడు.

నడుముల్లోతు ఉన్నాయి. మా అన్నదమ్ములు పెట్టెను తలల మీదికి ఎత్తుకున్నారు. పాస్టరు గారు బైబిలును తువ్వాల్లో చుట్టి పట్టుకుని దిగారు. నీళ్ళ మీద తేలిపోతున్న చీరను ఒక చేత్తో అదుముకుంటూ అమ్మ వెనకాలే నడిచింది.

మర్నాడు అమ్మ వెళ్ళి చెరువు కట్ట మీద కూచుంది. తనతో నాట్లకెళ్ళే ఆడవాళ్ళు కొందరు తోడు కూచున్నారు. పోలీసులు వచ్చి లేపేదాకా లేవలేదు. ఆ ఏడు వాళ్ళెవర్నీ ఊళ్ళో కూలికి పిలవలేదు. ఆటో ఎక్కి దూరపు పొలాలకు పోవలసి వచ్చింది. దారి మాత్రం రాలేదు. కట్ట మీద కూచున్నప్పుడు ఎవరో ఫోన్లో తీసిన వీడియో చేతులు మారి హైదరాబాదు దాకా వెళ్ళింది. అది చూసి వచ్చింది, సినిమాలు తీసే అమ్మాయి.

కష్టాలకు లొంగని మనుషుల మీద ఏదో స్వచ్ఛంద సంస్థ చిన్న చిన్న డాక్యుమెంటరీలు తీయిస్తోందట. నేను తెనాలిలో టీచరును. సెలవు పెట్టి వచ్చాను. ఆ అమ్మాయి మంచిదే. కింద చాప మీద కూచుని మాతోపాటు గోంగూర కలుపుకుని తింది. అమ్మ చేత రోజంతా మాట్లాడించింది. పుంత ఎక్కడ ఉండేదో, కంచె ఎవరు వేశారో, ఎవరెవరు చూసి ఊరుకున్నారో అమ్మ పేర్లతో సహా చెప్పింది. "ఇంకోళ్ళ శ్మశానం అయితే ముట్టుకునేవాడా? మా పేటోళ్ళం కాబట్టే కదా" అంది. పక్కనే కూచుని విన్నాను.

సాయంత్రం ఆ అమ్మాయి, "ఒక్కసారి కాలువలో నడుస్తారా అమ్మా?" అని అడిగింది.

అమ్మ నా వైపు చూసింది. "ఇప్పుడెవరు పోయారని దిగాలమ్మా?"

"చూసేవాళ్ళకి మీ బాధ తెలియాలి కదండి."

అమ్మ దిగింది. వెలుతురు సరిపోలేదంటే గట్టెక్కి మళ్ళీ దిగింది.

సినిమాను బాపట్లలో ఒక హాల్లో వేశారు. అమ్మ చర్చికి కట్టుకునే తెల్ల చీర కట్టుకుంది. తెర మీద మేఘాలు, వేణువు, కాలువలో అమ్మ. పైనుంచి తీసిన దృశ్యంలో రొయ్యల చెరువు ఎర్రటి ఎండకు వరద నీళ్ళలా మెరిసింది. కంచె ఎక్కడా లేదు. తెర వెనక నుంచి ఒక మగ గొంతు చెప్పింది, వరద దారిని మింగేసినా ఈ తల్లి అడుగు ఆగలేదని. మా ఊరికి ఏ వరదా రాలేదు. అమ్మ మాటల్లో వాళ్ళు ఉంచిందల్లా, "ఏం చేస్తాం, నడవాల్సిందే" అన్న ఒక్క ముక్క.

శాలువా కప్పి మైకు ఇచ్చారు. అమ్మ మాట తడబడలేదు. "మా దారి వరదకి పోలేదండి. చెరువులో కలిపేసుకున్నారండి. మేం ఎవరిమో చూసే కలుపుకున్నారండి."

దానికీ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒక పెద్దాయన లేచి నిలబడి మరీ కొట్టాడు. తర్వాత ఇంకో సినిమా మొదలైంది.

బస్సులో అమ్మ అడిగింది. "అంత చెప్పాను కదే, అదంతా ఏం చేశారు?"

పుంత సంగతి మీద మేం పెట్టిన అర్జీ విచారణకు వచ్చిందంటే రేపల్లె తాసిల్దారు ఆఫీసుకు వెళ్ళాం. అక్కడి అధికారి కాగితం పూర్తిగా చదవకుండానే ఫోన్ తీసి మా ముందు పెట్టాడు. అందులో అమ్మ కాలువలో నడుస్తోంది. ఆసామి పంపించాడట.

"మీ సినిమాలోనే ఉంది కదమ్మా, వరదకి కొట్టుకుపోయిందని. దానికి ఆయన్నంటే ఎలా?"

"ఆ మాట నాది కాదండి" అంది అమ్మ.

"బొమ్మ మీదేగా?"

ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఏదో పని మీద ఇటు వచ్చానని, తిరుగు రైలు తెనాలిలోనే ఎక్కుతున్నానని చెప్తే ప్లాట్‌ఫారం మీద కలిశాను.

"అక్కా, నేను అన్నీ పెట్టాను. కులం మాట, ఆయన పేరు ఉంటే కేసులవుతాయని సంస్థ వాళ్ళే తీయించేశారు" అంది.

"అమ్మ చెప్పింది చెప్పినట్టు ఉన్న వీడియో ఇవ్వు. ఆఫీసులో చూపిస్తాం."

"నా దగ్గర లేదక్కా. హక్కులన్నీ వాళ్ళవే. అయినా అది అమ్మ గెలిచిన కథక్కా" అంది.

"ఏం గెలిచిందమ్మా?"

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకున్నాను. రైలొచ్చింది, ఎక్కింది.

మొన్నటి వానల్లో పెద్దమ్మ పోయింది. మళ్ళీ కాలువే. ఈసారి నీళ్ళు ఛాతీ దాకా ఉన్నాయి. మోకాళ్ళు పట్టేసిన అమ్మను దిగనివ్వలేదు. మేం పెట్టెతో అవతలి గట్టు ఎక్కేసరికి, ఇవతలి గట్టు మీద నుంచి ఆసామిని పేరు పెట్టి పిలుస్తోంది, వచ్చి చూసిపొమ్మని. చెరువు కట్ట మీది మోటారు షెడ్డు తలుపు తీసే ఉంది. ఎవరూ బయటికి రాలేదు. చెరువులో నీళ్ళను చిలికే ఏరేటర్ల రొదలో అమ్మ గొంతు మాకే సరిగ్గా వినిపించలేదు.